అనంతపురం–తాడిపత్రి రోజూ తిరగడానికి సెకండ్‌హ్యాండ్ టర్బో బండి: ఏది తీసుకోవాలి, ఏం చూసుకోవాలి

సార్, చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న చెప్తాను. మీరు ఉండేది అనంతపురం, బడి తాడిపత్రి దగ్గర. రానూపోనూ రోజుకు దాదాపు 120 కిలోమీటర్లు. నెలకోసారి బెంగళూరు. బడ్జెట్ 8 లక్షల లోపు. రెండు బండ్లు చూశారు. ఒకటి బెంగళూరులో డీలర్ దగ్గరున్న 2021 కియా సోనెట్ 1.0 టర్బో పెట్రోల్, డీసీటీ ఆటోమేటిక్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది, కేఏ నంబరు. రెండోది కర్నూలులో ఒకే ఓనర్ చేతిలో ఉన్న 2020 టాటా నెక్సాన్ బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ మాన్యువల్, 71 వేలు తిరిగింది, ఏపీ 39 నంబరు. సోనెట్ కన్నా నలభై వేలు ఎక్కువ చెబుతున్నారు. టర్బో బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా, కొంటే ఈ రెండింట్లో ఏది అని అడిగారు.

కొనొచ్చు. మీ వాడకానికి కర్నూలు నెక్సానే నప్పుతుంది. కాకపోతే ఒక షరతు ఉంది. బండి షోరూం నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఆయిల్ మార్చారో ఓనర్ కాగితం చూపించాలి. చూపించలేకపోతే దాన్ని కూడా వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది. మోడల్ సంవత్సరం, రంగు, సన్‌రూఫ్ ఇవన్నీ తర్వాత. నేను అనంతపురంలో వర్క్‌షాపు నడుపుతాను. టర్బో పోయిందని మా దగ్గరికి వచ్చే బండ్లను విప్పితే చాలాసార్లు కథ ఆయిల్ దగ్గరే మొదలై ఉంటుంది.

అందరూ టర్బో అంటే పెట్రోల్ బండ్ల సంగతి అనుకుంటారు. ఇప్పుడు వచ్చే డీజిల్ కార్లన్నీ టర్బోలే. అంటే మీరు చూసిన రెండింట్లోనూ టర్బో ఉంది. డీజిల్ తీసుకుంటే టర్బో బాధ ఉండదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఆయిల్ గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకో చెప్తాను. టర్బోలో, ఇంజిన్‌లోంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే ఇంధనం కూడా ఎక్కువ కాల్చొచ్చు, కాబట్టి చిన్న ఇంజిన్‌కే పెద్ద బలం వస్తుంది. హ్యుందాయ్ వెన్యూ చూడండి. టర్బో లేని 1.2 లీటర్ ఇంజిన్ 83 పీఎస్ (శక్తి కొలత), 114 ఎన్ఎం (లాగే బలం కొలత) ఇస్తే, అంతకన్నా చిన్నదైన 998 సీసీ టర్బో ఇంజిన్ 120 పీఎస్, 172 ఎన్ఎం ఇస్తుంది. సోనెట్‌లో ఉండేదీ అదే ఇంజిన్. ఈ బలం ఊరికే రాదు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని మోసేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాతబడి పలచనైనా, లెవెల్ తగ్గినా ఆ పొర తెగి ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. ఇంకోటి, హైవే మీద గట్టిగా తోలుకొచ్చి టక్కున ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ పారడం ఆగిపోతుంది, టర్బో వేడి మాత్రం అలాగే ఉంటుంది. లోపల నిలిచిపోయిన ఆయిల్ పాలు మాడిన గిన్నె అడుగులా నల్లగా పెచ్చు కడుతుంది. అలా ఏళ్ల తరబడి జరిగితే సన్నటి ఆయిల్ దారులు పూడుకుపోతాయి. ఇదేదీ మీటరు మీద కనపడదు, బయట పాలిష్‌లో కనపడదు. అందుకే బిల్లులు అడగమంటున్నాను.

మన ప్రాంతంలో దీనికి ఎండ, దుమ్ము కూడా తోడవుతాయి. మీరు రోజూ పోయే తాడిపత్రి రోడ్డు సంగతి మీకు తెలిసిందే. సిమెంటు లారీలు, నాపరాయి బండలు కోసే యూనిట్లు, రోడ్డు పక్కన తెల్లటి పొడి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే టర్బో గాలి కోసం ఎక్కువ కష్టపడుతుంది. ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోయినా, చవక రకం వేసినా సన్నటి రాతి పొడి లోపలికి పోయి గాలి చక్రం రెక్కల అంచులను అరగదీస్తుంది. బంపర్ వెనక ఇంటర్‌కూలర్ ఉంటుంది, టర్బో నొక్కిన వేడి గాలిని చల్లార్చేది. దాని రేకుల మధ్య దుమ్ము, పురుగులు పట్టేస్తే మేలో మధ్యాహ్నం పూట బండి నీరసంగా లాగుతుంది. ఈ చుట్టుపక్కల తిరిగిన ఏ బండి చూసినా మొదట ఎయిర్ ఫిల్టర్ బాక్స్ మూత తీసి చూడండి. ఫిల్టర్ మీద దుమ్ము ఉండటం మామూలే. ఫిల్టర్ దాటిన తర్వాత, పైపులో వేలు పెడితే గరగర తగిలితే ఆ బండికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక బిల్లుల పరీక్ష. ఓనర్ ఫైల్ తెచ్చి చూపిస్తే సంతోషం, అక్కడితో ఆగొద్దు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఓనర్‌తో కలిసి వెళ్లి, రిజిస్ట్రేషన్ నంబరు మీద సర్వీస్ హిస్టరీ చూపించమని అడగండి. అందులో ప్రతి విజిట్ తేదీ, మీటరు రీడింగ్, మార్చిన సామాన్లు ఉంటాయి. మీరు చూడాల్సింది రీడింగ్ వెనక్కి పోయిందా అని ఒక్కటే కాదు, ఆయిల్ మార్పుల మధ్య ఎంత ఎడం ఉందో కూడా చూడండి. కరోనా టైంలో చాలా బండ్లు ఇంటి ముందే నిలబడ్డాయి. తిరగలేదు కదా అని రెండేళ్లు ఆయిల్ మార్చని ఓనర్లు ఉన్నారు. కిలోమీటర్లు తక్కువే అయినా ఏడాదికోసారి ఆయిల్ మారాల్సిందే. బయట మెకానిక్ దగ్గర చేయించామంటే తప్పేం లేదు, కానీ ఏ గ్రేడు ఆయిల్ పోశారో తెలియాలి. టర్బో ఇంజిన్‌కు కంపెనీ మాన్యువల్‌లో రాసిన గ్రేడు సింథటిక్ ఆయిల్ తప్ప ఇంకోటి పోయకూడదు. బిల్లు మీద ఉత్త 'ఇంజిన్ ఆయిల్' అని ఉంటే ఏ రకమో, ఎన్ని లీటర్లో అడగండి. నిజంగా చూసుకున్న ఓనర్ అయితే తడుముకోకుండా చెప్తాడు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడెక్కాక దొరకవు. స్టార్ట్ చేసినప్పుడు ఒకరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడాలి. పలచటి తెల్ల ఆవిరి వచ్చి రెండు నిమిషాల్లో పోతే అది తేమ, భయం లేదు. నీలం రంగు పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ వేడెక్కిన తర్వాత కూడా తీపి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ అయితే గట్టిగా రేజ్ చేసినప్పుడు కూడా నల్ల పొగ రాకూడదు. బీఎస్6 డీజిల్‌కు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెడితే దాదాపు శుభ్రంగా ఉండాలి. మసి అంటితే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే జల్లెడ, పగిలిందనో, పీకేశారనో అనుకోవాలి.

తర్వాత మెకానిక్‌తో ఒక్క పని తప్పకుండా చేయించండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే రబ్బరు పైపు క్లిప్పు విప్పించండి. కొన్ని బండ్లలో పదినిమిషాల పని, కొన్నింట్లో అరగంట. లోపల టర్బో గాలి చక్రం కనపడుతుంది. టార్చి వేసి రెక్కల అంచులు చూడండి. వంకర, గాటు, అరుగుదల ఉండకూడదు. చక్రం చుట్టూ ఉన్న గోడ మీద వలయంలా కొత్త గీత ఉంటే రెక్కలు గోడకు రాసుకున్నట్టు. తర్వాత ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే సన్నగా ఆట ఉంటుంది, అది మామూలే, ఆయిల్ పొర నిండితే సర్దుకుంటుంది. ముందుకూ వెనక్కూ తోసి లాగితే మాత్రం చేతికి ఆట తెలియకూడదు. తెలిసిందంటే ఆ టర్బోకు రోజులు దగ్గరపడ్డట్టే. పైపు లోపల సన్నటి ఆయిల్ పూత కనపడితే కంగారు పడకండి, ఇంజిన్ ఆవిరి అటే పోతుంది కాబట్టి ఆ మాత్రం ఉంటుంది. పైపును వంచితే ఆయిల్ కారిందంటే మాత్రం వదిలేయండి. ఈ పరీక్షకు ఓనర్ ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు. టర్బో కొత్తది వేయాలంటే పని ఖర్చుతో కలిపి పెద్ద ఖర్చే కాబట్టి, చూసుకునే హక్కు మీకుంది అని మర్యాదగా చెప్పండి.

టెస్ట్ డ్రైవ్ ఊళ్లో చేస్తే ఏమీ తెలియదు. కర్నూలు బండి కాబట్టి 44 నంబరు హైవే ఎక్కించండి, డోన్ వైపు కొంత దూరం పోయిరండి. మూడో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటర్ నిదానంగా పూర్తిగా తొక్కండి. నెక్సాన్ డీజిల్ తన పూర్తి 260 ఎన్ఎం బలం 1500 నుంచే ఇస్తుంది. బండి ఒకే తీరుగా, తోసినట్టు ముందుకు పోవాలి. మధ్యలో ఆగి ఆగి లాగినా, సైరన్ లాంటి కీచు వచ్చినా, బుస్సుమని గాలి పోయే శబ్దం వచ్చినా లోపం ఉన్నట్టే. బుస్సుమనేది చాలాసార్లు పగిలిన పైపు మాత్రమే, చవగ్గా పోతుంది. కీచు అలా కాదు. ఇంకో సూచన. కొన్ని బండ్లలో బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తేడా వస్తే బండి కంప్యూటర్ తనంతట తానే బలం తగ్గించేస్తుంది, ఎంత తొక్కినా 60, 70 దాటదు. అమ్మేవాళ్లలో కొందరు ఆ ఎర్రర్ కోడ్‌ను పొద్దున్నే చెరిపేసి మీకు బండి ఇస్తారు. అందుకే బండి కంప్యూటర్‌కు మెకానిక్‌తో స్కానర్ పెట్టించినప్పుడు కోడ్స్ ఉన్నాయా అన్నదానితో పాటు, కోడ్స్ చెరిపి ఎన్ని కిలోమీటర్లు అయిందో కూడా చూడమనండి. చాలా స్కానర్లు చూపిస్తాయి. నిన్ననే చెరిపినట్టు ఉంటే కారణం అడగాలి. కడప, రాయచోటి వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు గువ్వలచెరువు ఘాట్ ఉంది, ఏసీ వేసుకుని నలుగురు కూర్చుని ఎక్కిస్తే టర్బో, క్లచ్, రేడియేటర్ మూడింటి సంగతీ ఒకేసారి బయటపడుతుంది.

ఇప్పుడు సోనెట్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆ బండి చెడ్డదని కాదు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైన బండి, ఇంజిన్ హుషారైనది, ఈ జిల్లాలో సర్వీసుకు ఇబ్బంది లేదు. నా అభ్యంతరం గేర్‌బాక్స్ తిరిగిన చోటు గురించి. అందులో ఉన్న ఏడు గేర్ల డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, అవి ఆయిల్‌లో మునిగి ఉండే రకం కాదు, పొడి రకం. హైవే మీద అది అద్భుతంగా పనిచేస్తుంది. బెంగళూరు సిల్క్ బోర్డు లాంటి చోట అడుగు అడుగు జరిగే ట్రాఫిక్‌లో మాత్రం క్లచ్ అరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. 62 వేల కిలోమీటర్లలో ఎక్కువ భాగం బెంగళూరు ఊళ్లోనే అయితే ఆ క్లచ్ మీద పడిన భారం మన అనంతపురం బండికి రెండింతల దూరంలో కూడా పడదు. అయినా అదే కావాలనుకుంటే, బండి బాగా వేడెక్కాక కొంచెం ఎత్తున్న చోట బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కకుండా పాకనివ్వండి. వణుకు, కుదుపు లేకుండా కదలాలి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు టక్కుమనకూడదు. అనిందంటే క్లచ్ సెట్ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, తగ్గించకపోతే తిరిగి రండి.

అసలు మీ కిలోమీటర్లకు పెట్రోల్ టర్బో లెక్క కుదరదు. రోజుకు 120 చొప్పున నెలకు దాదాపు 3,000 కిలోమీటర్లు వేసుకోండి, బెంగళూరు ట్రిప్పు కలుపుకుని. చిన్న టర్బో పెట్రోల్ హైవే మీద మెల్లగా తోలితే లీటరుకు 15, 16 ఇస్తుంది. గట్టిగా తొక్కితే 12కి పడిపోతుంది, టర్బో గుణమే అది. 15 అనుకున్నా నెలకు 200 లీటర్లు. మన దగ్గర పెట్రోల్ లీటరు 110 అనుకుంటే 22 వేలు. డీజిల్ 19 ఇచ్చిందనుకుంటే 158 లీటర్లు, 98 రూపాయల చొప్పున పదిహేనున్నర వేలు. నెలకు ఆరున్నర వేలు తేడా. అంటే కర్నూలు బండికి ఎక్కువ చెబుతున్న నలభై వేలు ఏడు నెలల్లోపు తిరిగొస్తాయి. బెంగళూరు పోయినప్పుడు బాగేపల్లి దాటాక ట్యాంకు నింపుకోవడం మన వాళ్లందరికీ అలవాటే, కర్ణాటకలో రేటు తక్కువ కాబట్టి. అది నెలకోసారి ముచ్చట, రోజువారీ లెక్క మార్చదు. పెట్రోల్ బండికి ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ-20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లు ఈ-10ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మాన్యువల్ చూసుకోండి, మైలేజీ కొంత తగ్గుతుందని లెక్కలో వేసుకోండి.

డీజిల్ బండికి కూడా ఒక మెలిక ఉంది, అది డీపీఎఫ్. బీఎస్6 డీజిల్స్‌లో పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటి భాగం ఇది. మసి నిండాక, బండి హైవే మీద ఒకే వేగంలో కొంతసేపు పోతే వేడికి కాలిపోయి శుభ్రమవుతుంది. రోజూ రెండు, మూడు కిలోమీటర్లు ఊళ్లో తిరిగి ఆపేసే బండికి ఆ అవకాశం దొరకదు. సగంలో ఆపేసిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మీరు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి చూసినప్పుడు ఆయిల్ మ్యాక్స్ గీత పైన ఉండి, వాసన చూస్తే డీజిల్ కొడితే అర్థం ఇదే. పలచనైన ఆ ఆయిలే మళ్లీ టర్బో ఇరుసుకు పోతుంది. కాబట్టి కర్నూలు ఓనర్‌ను రోజూ బండి ఎక్కడ తిరిగేదో అడగండి. నంద్యాలకో, ఆదోనికో, హైదరాబాద్‌కో తిరిగిన 71 వేలు అయితే, ఊళ్లో తిరిగిన 30 వేల కన్నా ఎంతో నయం. మీ చేతికి వచ్చాక మాత్రం ఆ భయం లేదు, రోజుకు రెండుసార్లు యాభై, అరవై కిలోమీటర్ల చొప్పున ఆగకుండా పోతారు కాబట్టి డీపీఎఫ్‌కు అంతకన్నా మంచి వాడకం ఉండదు. డీజిల్ పదేళ్లకే ఆపేస్తారని మీ తోటి టీచర్ ఎవరో చెప్పారని రాశారు. ఆ నిబంధన ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మనకు సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి.

కేఏ నంబరు సంగతి కూడా చెప్పాలి, మన జిల్లాలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. బెంగళూరులో బండి చవగ్గా కనపడుతుంది, తెచ్చేస్తారు, కేఏ నంబరుతోనే తిరుగుతుంటారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి కర్ణాటక ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి ట్యాక్స్ తగ్గుతుంది కానీ చిన్న మొత్తమేం కాదు. కర్ణాటకలో ముందు కట్టిన దాంట్లో మిగతా భాగం వాపసు అడగొచ్చు గానీ, దానికి తిరిగే ఓపిక ఉండాలి. డీలర్ ఎన్‌ఓసీ నేనే ఇప్పిస్తానంటే, ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా కొంత డబ్బు ఆపి పెట్టండి. అడ్వాన్స్ ఇచ్చే ముందే మన ఆర్టీవో ఆఫీసుకు పోయి ఆ మోడల్‌కు ట్యాక్స్ ఎంత పడుతుందో కనుక్కోండి. సోనెట్ ధరకు అది కలిపి చూస్తే నెక్సానే చవక అని తేలుతుంది.

కర్నూలు బండికి కాగితాలు తేలిక. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు నుంచి క్లియరెన్స్, లోన్ తీరిందని చెప్పే ఫారం 35. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం, ఆర్సీలో అడ్రస్ చదవండి. పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి ఓనర్ వరుస, లోన్, ఇన్సూరెన్స్ గడువు, చలాన్లు చూడండి. లోన్ ఉందని చూపిస్తే, కట్టేశామన్న మాట మీద డబ్బు ఇవ్వొద్దు.

ఇన్సూరెన్స్ పేరు మార్చుకోవడానికి 14 రోజులే గడువు. చాలామంది ఆర్సీ మారితే చాలనుకుంటారు. పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉండగా మీ బండికి దెబ్బ తగిలితే, సొంత బండి రిపేరు క్లెయిమ్‌కు కంపెనీ అడ్డం చెప్పగలదు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కూడా బండితో రాదు, అది పాత ఓనర్‌ది. కాబట్టి ప్రీమియం అతను కట్టినదానికన్నా ఎక్కువ వస్తుంది.

నీళ్లలో మునిగిన బండ్ల గురించి ఒక్క హెచ్చరిక. 2020లో హైదరాబాద్, 2021 నవంబరులో కడప జిల్లా చెయ్యేరు వరద, 2022లో బెంగళూరు, 2024లో విజయవాడ బుడమేరు. వీటిలో మునిగిన కార్లు కొన్ని శుభ్రం చేసి దూరపు ఊళ్లలో అమ్ముడుపోయాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, అడుగు భాగంలో బురద గీత ఉంటుంది, దాన్ని ఎవరూ కడగరు. స్టెప్నీ గుంటలో, కార్పెట్ కింద తుప్పు చూడండి.

ధర మాట్లాడేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు కార్లలో 1200 సీసీ లోపు పెట్రోల్, 1500 సీసీ లోపు డీజిల్ వాటికి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు సెస్‌తో కలిపి 29 నుంచి 31 శాతం దాకా ఉండేది. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా తగ్గాలి కదా. అమ్మేవాళ్లు తాము కొన్న రేటు నుంచి లెక్క మొదలుపెడతారు. మీరు ఇప్పటి ఆన్‌రోడ్ రేటు నుంచి మొదలుపెట్టండి.

మిగతా బండ్ల గురించి కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. ఎక్స్‌యూవీ 300 డీజిల్ 300 ఎన్ఎంతో గట్టి బండి, మంచిది దొరికితే నెక్సాన్ పక్కన పెట్టి చూడొచ్చు. నెక్సాన్, ఎక్స్‌యూవీ 300 రెండూ కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు 5 స్టార్లు తెచ్చుకున్నవే, లారీల మధ్య రోజూ తిరిగే మీకు అది చిన్న విషయం కాదు. పాత బ్రెజా 1.3 డీజిల్ మైలేజీకి మంచిది, 2020 ఏప్రిల్ తర్వాత మారుతి డీజిల్ ఆపేసింది కాబట్టి దొరికేవన్నీ బీఎస్4, వయసు ఎక్కువ. ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ తోలడానికి భలే ఉంటుంది, కానీ అందులో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది, పైగా 2021లో ఫోర్డ్ ఇక్కడ అమ్మకాల కోసం తయారీ ఆపేసింది. తెలిసిన మెకానిక్ ఉంటే తప్ప జోలికి పోవద్దు.

ఇక బండి మీ చేతికి వచ్చాక. మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్ మార్పించేయండి. పాత ఓనర్ నెల కిందటే మార్చానన్నా సరే. మీ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. తర్వాత కంపెనీ చెప్పిన దూరం కన్నా కొంచెం ముందే ఆయిల్ మార్చుకోండి, తాడిపత్రి దుమ్ములో నేనైతే ఏడున్నర వేల కిలోమీటర్లకు మార్పిస్తాను. మీ తిరుగుడుకు అది రెండున్నర నెలలకోసారి వస్తుంది, ఖర్చు అనిపిస్తుంది, కానీ టర్బో ఖర్చు ముందు లెక్కలోది కాదు. పదిహేను రోజులకోసారి చదునైన చోట పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఎయిర్ ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో కొట్టించి మళ్లీ మళ్లీ వాడొద్దు, ఆ గాలికి కాగితం చిల్లులు పడుతుంది, పొడి నేరుగా టర్బోలోకి పోతుంది.

కూలెంట్ గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. మన జిల్లాలో బోరు నీళ్లు ఎంత ఉప్పగా, సున్నంగా ఉంటాయో ఇంట్లో గీజర్ రాడ్డు చూస్తే తెలుస్తుంది. లెవెల్ తగ్గిందని దారిలో ఎవరో బోరు నీళ్లు పోస్తారు. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది, తర్వాతి ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతుంది. ఇప్పటి టర్బోల్లో చాలావాటి గుండా కూడా అదే కూలెంట్ పారుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ అర లీటరు డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి. దారిలో తప్పనిసరై ఏదో ఒకటి పోయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊరికి రాగానే కూలెంట్ మొత్తం మార్పించండి.

తోలే పద్ధతి పెద్దగా మార్చుకోనక్కర్లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే రేజ్ చేయొద్దు, మొదటి రెండు, మూడు కిలోమీటర్లు మెల్లగా పోనివ్వండి. పెద్ద గేరులో 1200 ఆర్‌పీఎం దగ్గర ఉండగా ఓవర్‌టేక్ కోసం కిందిదాకా తొక్కొద్దు, ఒక గేరు తగ్గించండి. హైవే మీద నుంచి వచ్చి నేరుగా ఆపాల్సి వస్తే అర నిమిషం, ఒక నిమిషం ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఆపండి. ఊళ్లోకి వచ్చి వీధుల్లో మెల్లగా తిరిగి ఇంటికి చేరితే ఆ మాత్రం కూడా అక్కర్లేదు, ఆ దూరంలోనే టర్బో చల్లారుతుంది. డీపీఎఫ్ లైటు ఎప్పుడైనా వెలిగితే బడి దగ్గర ఆపకుండా, ఆ వేగం అలాగే ఉంచి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు తోలండి. లైటు ఆరిపోతే సరే, ఆరకపోతే అదే వారం సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోండి. నెలలు పట్టించుకోకపోతే శుభ్రం చేయించడంతో పోయేది మార్చేదాకా వస్తుంది.

కర్నూలు ఓనర్ సర్వీస్ హిస్టరీ ఇచ్చాక, పేరు, నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి సార్. ఎక్కడ ఎడం వచ్చిందో చూసి చెప్తాను, ధర మాట్లాడటం ఆ తర్వాతే పెట్టుకోండి.